పట్టణ విస్తరణ ముసాయిదాపై అభ్యంతరం ఎలా రాయాలి? సాగుభూమిని, చెరువును కాపాడుకునే మార్గాలపై చర్చ

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మా పట్టణం రాబోయే ఇరవై ఏళ్ళలో ఎటువైపు, ఎంత మేరకు పెరగాలో నిర్ణయించే ముసాయిదా ప్రణాళికను ఇటీవల ప్రజల ముందుంచారు. అందులోని భూ వినియోగ పటం ప్రకారం పట్టణాన్ని ఆనుకుని ఉన్న సాగుభూములలో పెద్ద భాగం పసుపు రంగులోకి, అంటే నివాస ప్రాంతంలోకి మారింది. ఆ పొలాల మధ్యగా పారే వాగును, దాని దిగువనున్న చెరువును పటంలో చూపారు గాని, వాగు పొడవునా ఒక రోడ్డు కూడా గీశారు. అభ్యంతరాలు స్వీకరించే గడువు ఇంకా ముగియలేదు. మేము కొందరం కలిసి ఒక వినతిపత్రం రాసి, వీలైనన్ని సంతకాలు సేకరించాలని అనుకుంటున్నాము.

నా సందేహాలు మూడు. అటువంటి వినతిపత్రానికి నిజంగా విలువ ఉంటుందా, లేక మరో విధంగా రాయాలా? ఈసారి ఆ భూములను సాగు ప్రాంతంగానే ఉంచినా, మరికొన్నేళ్ళకు మళ్ళీ రంగు మారకుండా చేసే మార్గం ఏదైనా ఉందా? మూడవది కాస్త ఇబ్బందికరమైనది: ఆ భూముల యజమానులలో కొందరు అమ్ముకోవడానికే ఇష్టపడుతున్నారు. వారితో వైరం తెచ్చుకోకుండా ఈ మాట ఎలా చెప్పాలి?

జవాబు: ప్రణాళికా విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యుడు

సంతకాల వినతిపత్రం వృథా కాదు. ఎన్నికైన ప్రతినిధులు దానిని చూస్తారు, సంతకాల సంఖ్యను లెక్కపెట్టుకుంటారు కూడా. అయితే అభ్యంతరాలను పరిశీలించి నివేదిక తయారుచేసే ఉద్యోగులు చూసే తీరు వేరు. వచ్చిన ప్రతి కాగితాన్నీ మేము ఒక పట్టికలో ఎక్కించేవాళ్ళం: ఏ భూమి గురించి రాశారు, ఏ అంశాన్ని ప్రశ్నించారు, ఏ మార్పు కోరారు, దానికి విభాగం ఇచ్చే వివరణ ఏమిటి. వెయ్యిమంది ఒకే పాఠం కింద సంతకాలు చేస్తే ఆ పట్టికలో అది సాధారణంగా ఒకే వరుస అవుతుంది. అదే యాభైమంది యాభై వేరువేరు అంశాలపై విడివిడిగా రాస్తే యాభై వరుసలవుతాయి, ప్రతి వరుసకూ ఎవరో ఒకరు వివరణ రాయక తప్పదు. "పచ్చదనాన్ని కాపాడండి" అన్న వాక్యం ఎంత మంచిదైనా, దాని ఎదుట "గమనించడమైనది" అని రాసి ముందుకు పోవచ్చు. "ఫలానా సర్వే నంబర్లలోని భూమిని మీ నివేదికలోని వరద పటం ముంపు ప్రాంతంగా చూపుతుండగా, మీ భూ వినియోగ పటం దానినే నివాస ప్రాంతంగా చూపుతోంది, ఈ రెండింటిలో ఏది సరైనది?" అని అడిగితే అలా దాటవేయడం కుదరదు.

అందువల్ల మొదట పటాన్ని పక్కన పెట్టి, దానితోపాటు విడుదలయ్యే నివేదికను చదవండి. చాలామంది పటంలో తమ భూమి ఏ రంగులో ఉందో చూసి ఆగిపోతారు. అసలు నిర్ణయం జనాభా అంచనాల అధ్యాయంలోనే జరిగిపోతుంది. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఇరవై ఏళ్ళలో అదనంగా 60,000 మంది వస్తారని నివేదిక చెబుతోందని, హెక్టారుకు 100 మంది చొప్పున నివసిస్తారని అనుకుందాం. అప్పుడు కావలసిన నివాస భూమి 600 హెక్టార్లు. సాంద్రతను 150గా తీసుకుంటే 400 హెక్టార్లు చాలు. ముసాయిదా 1,100 హెక్టార్లను తెరిచి ఉంటే, ఆ మిగతా భూమి ఎవరి కోసమో వివరించవలసిన బాధ్యత ప్రణాళిక తయారుచేసినవారిదే. రోడ్లకు, బడులకు, ఉద్యానాలకు కొంత అదనంగా కావలసిందే, దానిని కూడా లెక్కలో చూపించమనండి. ఇప్పటికే అనుమతి పొందిన లేఅవుట్లలో ఇళ్ళు కట్టకుండా పడి ఉన్న స్థలాలను లెక్కలోంచి తీసివేశారా లేదా అన్నది తప్పనిసరిగా చూడండి. నా అనుభవంలో ముసాయిదాలు ఎక్కువగా బలహీనపడేది అక్కడే.

ఈ పద్ధతిని చట్టంగానే మార్చుకున్న ప్రాంతం అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం. అక్కడ 1973లో చేసిన సెనేట్ బిల్లు 100 అనే చట్టం కింద రూపొందిన ప్రణాళికా లక్ష్యాల ప్రకారం ప్రతి నగరమూ తన చుట్టూ ఒక ఎదుగుదల సరిహద్దు గీసుకోవాలి. ఆ సరిహద్దు లోపల ఇరవై ఏళ్ళ అవసరానికి సరిపడా భూమి ఉండాలి. దానిని విస్తరించాలంటే, ఉన్న సరిహద్దులో ఆ అవసరం ఎందుకు తీరదో ముందుగా నిరూపించాలి. విస్తరణ తప్పనిసరి అయినప్పుడు కూడా సారవంతమైన సాగుభూమి వంతు చివరనే వస్తుంది. ఆ రాష్ట్రం పాటించే 19 ప్రణాళికా లక్ష్యాలలో మొట్టమొదటిది పౌరుల భాగస్వామ్యం. మీ ప్రాంతంలో ఇటువంటి చట్టం ఉన్నా లేకపోయినా, అదే ప్రశ్నను అదే వరుసలో అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

జవాబు: న్యాయవాద వృత్తిలో ఉన్న సభ్యురాలు

పై జవాబుకు చట్టపరమైన ఒక కారణాన్ని జోడిస్తాను. ఒరెగాన్‌లో భూ వినియోగ నిర్ణయాలపై అప్పీళ్ళు వినడానికి 1979లో ప్రత్యేక మండలి ఒకటి ఏర్పడింది. దిగువ స్థాయి విచారణలో ఎవరూ లేవనెత్తని అంశాన్ని ఆ మండలి ముందు కొత్తగా లేవనెత్తడానికి సాధారణంగా వీలుండదు. అధికారులు స్పందించగలిగేంత స్పష్టంగా, గడువులోపల, రికార్డులోకి ఎక్కేలా చెప్పి ఉండాలి. ఇంత కచ్చితమైన నియమం అన్నిచోట్లా ఉండదు గాని, "అవకాశం ఇచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న ఏ దేశపు న్యాయస్థానంలోనైనా ఎదురవుతుంది. కనుక మీ అభ్యంతరాన్ని, ఎప్పుడైనా అప్పీలు చేయవలసి వస్తే ఆ న్యాయమూర్తి చదవబోయే మొదటి కాగితంగా భావించి రాయండి. ఆధారంగా చూపే పటాలు, ఛాయాచిత్రాలు, పాత రికార్డుల నకళ్ళు అన్నింటినీ జతచేయండి. ఒక వెబ్‌సైటు చిరునామా రాసి "అక్కడ చూసుకోగలరు" అంటే అది రికార్డులో భాగం కాదు. అందినట్లు తేదీతో రసీదు తీసుకోండి.

ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో తెలియజేసే తీర్పు ఒకటి తిరుపతి నుంచే ఉంది. అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్ళ నిర్మాణానికి కేటాయించడంపై ఒక పౌర సంస్థ పోరాడగా, 2006లో సుప్రీంకోర్టు చెరువులు ప్రజల కోసం ప్రభుత్వం కాపాడవలసిన ఆస్తులని స్పష్టం చేసింది. సూత్రం విషయంలో అది పౌరుల గెలుపే. కానీ అప్పటికే అక్కడ నిర్మాణాలు వచ్చి ఉన్నాయి. ఇకపై కొత్త కట్టడాలు వద్దని, నీరు వచ్చే కాలువను బాగుచేయాలని, కట్టిన ఇళ్ళలో వాననీటిని ఒడిసిపట్టాలని న్యాయస్థానం ఆదేశించగలిగింది గాని, పోయిన చెరువు మొత్తాన్ని తిరిగి ఇవ్వలేకపోయింది. ముసాయిదా దశలో మీరు ఖర్చుపెట్టే కొన్ని సాయంత్రాలు, నిర్మాణం మొదలైన తరువాత నడిపే దావాల కంటే ఎక్కువ ఫలితాన్నిస్తాయని నేను నమ్ముతాను. ఈ మాట చెబితే నా వృత్తికి నష్టమేమో గాని, నిజం అదే.

వాగు వెంట గీసిన రోడ్డు విషయాన్ని ప్రత్యేకంగా, వేరే పత్రంలో రాయండి. దానిని సాగుభూముల అభ్యంతరంలో కలిపితే ఒకదానికి ఇచ్చిన వివరణతో రెండవది కూడా ముగిసిపోయినట్లు చూపించే ప్రమాదం ఉంది.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న ఒక సన్నాహక సమావేశంలో మాకు ఎదురైన వాదన ఇది: ఇళ్ళ ధరలు ఇప్పటికే అందుబాటులో లేవు, మీరు భూమిని అడ్డుకుంటే పేదలకు ఇల్లు మరింత దూరమవుతుంది, మీకు ఇళ్ళున్నాయి కనుక మిగతావారిని రావద్దంటున్నారు. మా దగ్గర దీనికి సరైన సమాధానం లేకపోయింది.

జవాబు: పదవీ విరమణ చేసిన సభ్యుడు

ఆ వాదనను తేలికగా తీసుకోకండి, అందులో కొంత నిజం ఉంది. ఎదుగుదలను ఒకచోట ఆపి, మరెక్కడా అనుమతించకపోతే ధరలు పెరుగుతాయి. లండన్ చుట్టూ నిర్మాణాలు రాకుండా కాపాడుతున్న భూముల పట్టీ, అంటే హరితవలయం, చరిత్రలో ఈ రెండు వైపులూ కనిపిస్తాయి. 1938 నాటి చట్టంతో భూములు కొని కాపాడడం మొదలైంది, 1955లో ప్రభుత్వ సర్క్యులర్‌తో ఆ విధానం ఇతర నగరాలకూ విస్తరించింది. నగరం అడ్డూ అదుపూ లేకుండా పాకిపోకుండా అది నిజంగానే ఆపింది. ఇళ్ళ కొరతకు అది కూడా ఒక కారణమన్న విమర్శ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. కొందరు ఆ వలయాన్ని దాటి దూరపు ఊళ్ళలో ఇళ్ళు తీసుకుని రోజూ నగరానికి ప్రయాణిస్తున్నారు.

కాబట్టి "ఇక్కడ వద్దు" అన్న ప్రతి వాక్యానికీ జతగా "అక్కడ కట్టండి" అన్న వాక్యం ఉండాలి. బస్సు, రైలు సౌకర్యం ఉన్న పాత బజారు ప్రాంతాలలో మరో రెండు అంతస్తులకు అనుమతి, మూతపడిన గోదాముల స్థలాలు, ఖాళీ లేఅవుట్లు, చిన్న పరిమాణం గల ప్లాట్లకు వీలు కల్పించే నిబంధనలు — వీటిలో ఏవి మీ పట్టణానికి సరిపోతాయో పరిశీలించి, హెక్టార్లలో లెక్క వేసి ఇవ్వండి. మీరు కాపాడమంటున్న భూమి వల్ల తగ్గే ఇళ్ళ సంఖ్యకు సమానంగా మరోచోట చూపించగలిగితే, ఇళ్ళను అడ్డుకుంటున్నారన్న నింద నిలవదు. అలా చూపించలేకపోతే, మీ కోరికలో కొంత భాగాన్ని తగ్గించుకోవడమే మంచిది. నాకు తెలిసినంతలో మొత్తం భూమిని కోరినవారి కంటే వాగు పరీవాహకం, చెరువు ఆయకట్టు, మంచి నేల ఉన్న భాగాన్ని ఎంచుకుని గట్టిగా పట్టుబట్టినవారికే ఎక్కువ దక్కింది.

ఖర్చుల సంగతి కూడా అడగండి. దూరంగా పరచుకున్న కాలనీలకు నీటి గొట్టాలు, మురుగు కాలువలు, రోడ్లు, చెత్త సేకరణ అన్నీ పొడవు పెరిగేకొద్దీ ఖరీదవుతాయి. అమెరికాలో అనేక కౌంటీలలో (మన జిల్లాల వంటి పాలనా విభాగాలలో) జరిగిన అధ్యయనాలలో, ఇళ్ళ నుంచి వచ్చే పన్నుల కంటే వాటికి చేసే సేవల ఖర్చు ఎక్కువగాను, సాగుభూమి విషయంలో ఖర్చు తక్కువగాను తేలింది. మీ ముసాయిదాలో ఈ సదుపాయాల ఖర్చు ఎవరు, ఎప్పుడు భరిస్తారో రాసి ఉందా? లేకపోతే అదొక్కటే విడిగా ఒక అభ్యంతరం కాగలదు.

జవాబు: భూసంరక్షణ సంస్థలో పనిచేసే సభ్యురాలు

మీ రెండవ సందేహానికి వస్తాను. పటంలోని రంగు శాశ్వతం కాదు. ఈ రోజు ఓటుతో వచ్చినది రేపు మరో ఓటుతో పోవచ్చు. భూమిని శాశ్వతంగా కాపాడాలంటే రక్షణ భూమి హక్కులోనే చేరాలి. దానికి మూడు దారులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

ఒకటి, భూమిని కొనడం లేదా దానంగా స్వీకరించడం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1891లో ఏర్పడిన ధర్మకర్తల సంస్థ నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. అదే దేశంలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ నగర ఓటర్లు 1967లో తమ కొనుగోళ్ళపై 0.4 శాతం అదనపు పన్నును తామే విధించుకుని, ఆ డబ్బుతో చుట్టూ ఉన్న బహిరంగ భూములను కొనడం మొదలుపెట్టారు. డబ్బు ఎక్కువ కావాలి గాని, ఇంతకంటే గట్టి రక్షణ లేదు.

రెండు, సంరక్షణ ఒప్పందం. యజమాని భూమిని తన పేరిటే ఉంచుకుంటాడు, దున్నుకుంటాడు, అమ్ముకుంటాడు, పిల్లలకు ఇస్తాడు. ఒక్క నిర్మాణ హక్కును మాత్రం వదులుకుంటూ ఒక న్యాసానికో (ట్రస్టుకో) ప్రభుత్వ సంస్థకో పత్రం రాసిస్తాడు. ఆ నిబంధన తరువాత కొన్న ప్రతివారికీ వర్తిస్తుంది. వదులుకున్న విలువకు బదులుగా ధర గాని, పన్ను రాయితీ గాని పొందవచ్చు. అయితే దీనికి చట్టం అవకాశం ఇవ్వాలి. ఇంగ్లాండు సైతం 2021 పర్యావరణ చట్టంతోనే ఇటువంటి ఒడంబడికలకు స్పష్టమైన చట్టబద్ధత కల్పించింది. మీ ప్రాంతంలో అటువంటి చట్టం లేకపోతే, ఉన్న చట్టాలలో దగ్గరిదానిని వెతకాలి. భారతదేశంలో 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థలను సంప్రదించి ఒక స్థలాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. హైదరాబాదు శివారులోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గుర్తింపు లభించింది. ఒప్పందమైనా ప్రకటనైనా, ఏటా వెళ్ళి చూసి, ఫోటోలు తీసి, ఉల్లంఘన కనిపిస్తే ప్రశ్నించే మనుషులు లేకపోతే అది కాగితంగానే మిగులుతుంది. మా సంస్థలో ఎక్కువ సమయం ఆ తనిఖీలకే పోతుంది. ఒప్పందాలు రాయించుకోవడం దానితో పోలిస్తే సులువు.

మూడవ దారి అభివృద్ధి హక్కుల బదిలీ. దాని గురించి రాసేముందు, అమ్ముకోవాలనుకునే యజమానుల అభిప్రాయం కూడా ఈ చర్చలోకి వస్తే బాగుంటుంది.

జవాబు: భూయజమాని అయిన ఒక సభ్యుడు

నేను ఆ వర్గానికి చెందినవాడినే. మా పొలం వేరే ఊరిలో ఉంది, సమస్య మాత్రం ఇదే. పట్టణంలో సొంత ఇళ్ళున్నవారు సాయంత్రం నడకకు వచ్చి, మా పొలం చూసి ఆనందించి, దానిని ఎప్పటికీ పొలంగానే ఉంచమని అర్జీలు పెడుతుంటే మాకు కష్టంగా ఉంటుంది. ఆ ఆనందానికి ధర చెల్లించేది మేమే కదా. నా పిల్లలెవరూ సాగు చేయరు. నీరు సరిగా అందదు, కూలీలు దొరకరు, పంటకు ధర ఉండదు. భూమి విలువ ఒక్కటే మా వృద్ధాప్యానికి ఆధారం. మమ్మల్ని పిలిచి, మా లెక్క విని, ఆ తరువాత అభ్యంతరం రాస్తే నేను కూడా సంతకం చేస్తానేమో. పత్రికలో చదివి తెలుసుకోవలసి వస్తే మాత్రం ఎదురు నిలబడతాను.

జవాబు: భూసంరక్షణ సంస్థలో పనిచేసే సభ్యురాలు

అయ్యా, మీరు చెప్పిన బాధను విననందువల్లనే ఒరెగాన్‌లో 2004లో ఎదురుదెబ్బ తగిలింది. నిబంధనల వల్ల విలువ కోల్పోయిన యజమానులకు పరిహారమైనా చెల్లించాలి, నిబంధననైనా సడలించాలి అని అక్కడి ఓటర్లే తీర్మానించారు. వేల సంఖ్యలో దరఖాస్తులు వచ్చాయి. 2007లో మరో ఓటింగుతో దానిని పరిమితం చేసి, చాలావరకు కొద్దిపాటి ఇళ్ళకే అనుమతి ఇచ్చేలా మార్చారు. ముప్పై ఏళ్ళు నిలిచిన వ్యవస్థ సైతం యజమానుల అసంతృప్తితో అంతగా కదిలిపోయింది.

హక్కుల బదిలీ పుట్టింది ఈ అన్యాయాన్ని తగ్గించడానికే. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీ 1980లో దాదాపు 93,000 ఎకరాలను వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అంతకుముందు ఐదు ఎకరాలకు ఒక ఇల్లు కట్టుకునే వీలుండగా, ఇరవై ఐదు ఎకరాలకు ఒక ఇంటికి తగ్గించింది. అయితే ఐదు ఎకరాలకు ఒకటి చొప్పున యజమానికి అమ్ముకోదగిన హక్కులు ఇచ్చింది. పట్టణ కేంద్రాల దగ్గర ఎక్కువ ఇళ్ళు కట్టదలచిన బిల్డర్లు ఆ హక్కులను కొంటారు. రైతుకు డబ్బు వస్తుంది, భూమి సాగులోనే ఉంటుంది. ఇందులో ఉన్న మెలిక ఒక్కటే: హక్కులను కొనేవారు ఉండాలి. ఆ హక్కులను వాడుకుని కట్టే ప్రాంతంలో, అంటే స్వీకరించే ప్రాంతంలో, ఎటూ ఉచితంగానే అదనపు అంతస్తులు అనుమతిస్తుంటే ఎవరూ వాటిని కొనరు, రైతు చేతిలో పత్రం మాత్రమే మిగులుతుంది. మీ ముసాయిదాలో హక్కుల బదిలీ ప్రస్తావన ఉంటే, వాటిని స్వీకరించే ప్రాంతం ఏదో, అక్కడ హక్కు కొనకుండా ఎంతవరకు కట్టవచ్చో తప్పక అడగండి.

ప్రశ్నించినవారికి నా సలహా ఏమిటంటే, గడువులోపల ముందుగా ఆ యజమానుల ఇళ్ళకు వెళ్ళండి. మీ పత్రంలో కాపాడమన్న కోరికతో పాటు పరిహారం, హక్కుల బదిలీ, నీటి సరఫరా మెరుగుదలను కూడా చేర్చి, వారు ఒప్పుకున్నంత మేరకు వారిచేత విడిగా రాయించండి. ఒక యజమాని రాసిన పత్రం పాతిక మంది పొరుగువారి పత్రాల కంటే బరువుగా ఉంటుంది.

ప్రశ్నించినవారు

చాలా స్పష్టత వచ్చింది. వాగు వెంట రోడ్డు గురించి రాయబోయే అభ్యంతరానికి ఒక నమూనా ఇవ్వగలరా?

జవాబు: న్యాయవాద వృత్తిలో ఉన్న సభ్యురాలు

ఇంగ్లాండులో స్థానిక ప్రణాళికలను స్వతంత్ర పరిశీలకుడు పరీక్షించేటప్పుడు, ప్రణాళిక ఎక్కడ సరిగా లేదో, ఏ మార్పు చేస్తే సరి అవుతుందో రెండూ రాయమంటారు. ఆ క్రమం ఎక్కడైనా పనికివస్తుంది. ఖాళీలను మీ వివరాలతో నింపుకోండి:

"ముసాయిదా ప్రణాళిక భూ వినియోగ పటంలో ... నుంచి ... వరకు, వాగు కుడి గట్టును ఆనుకుని ప్రతిపాదించిన రోడ్డుపై ఈ అభ్యంతరం సమర్పిస్తున్నాను. నేను ... లో నివసిస్తున్నాను, వాగు దిగువనున్న చెరువు నీటిపై ఆధారపడిన భూమి నాకు ఉంది. నివేదిక ... పేజీలో ఈ వాగును సహజ నీటి ప్రవాహ మార్గంగా పేర్కొని, దాని గట్లను నిర్మాణరహితంగా ఉంచాలని ప్రతిపాదించారు. పటంలోని రోడ్డు ఆ ప్రతిపాదనకు విరుద్ధంగా ఉంది. ... సంవత్సరంలో వచ్చిన వరదలో ఈ గట్టు మునిగినట్లు చూపే ఛాయాచిత్రాలు (అనుబంధం 1), పాత గ్రామ పటం నకలు (అనుబంధం 2) జతచేశాను. రోడ్డు అవసరాన్ని నేను కాదనడం లేదు. దానిని ఇప్పటికే ఉన్న ... బండి దారి మీదుగా మార్చవలసిందిగా, వాగు గట్లను పటంలో జలవనరుల రక్షణ ప్రాంతంగా చూపవలసిందిగా కోరుతున్నాను. ఈ మార్పును అంగీకరించకపోతే కారణాలను రాతపూర్వకంగా తెలియజేయగలరు. బహిరంగ విచారణలో నా వాదన వినిపించే అవకాశం కోరుతున్నాను."

మీకు భూమి లేకపోతే లేనిది రాయకండి, నివాసి అన్న మాట చాలు. ఛాయాచిత్రం వెనుక తీసిన తేదీ, నిలబడిన చోటు రాయండి.

జవాబు: పదవీ విరమణ చేసిన సభ్యుడు

నమూనా బాగుంది, అయితే దానిని అందరూ యథాతథంగా నకలు చేస్తే నేను మొదట చెప్పిన పట్టికలో మళ్ళీ ఒకే వరుసగా మారుతుంది. ఒకరు వరద గురించి, ఒకరు చెరువులోకి నీరు చేరడం గురించి, ఒకరు రోడ్డు ఖర్చు గురించి పంచుకుని రాయండి. విచారణలో మాట్లాడే సమయం సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది కనుక, రాసిచ్చిన దానిని చదవకుండా, కోరిన మార్పును మొదటి వాక్యంలోనే చెప్పి పటం చూపించండి.

ప్రణాళిక ఆమోదం పొందిన తరువాత విడివిడిగా వచ్చే భూ వినియోగ మార్పు దరఖాస్తులపై కూడా కన్ను వేసి ఉంచాలి. పెద్ద ప్రణాళికలో ఆగిన మార్పు తరచుగా ఒక్కొక్క సర్వే నంబరుగా ఆ దారిలోనే తిరిగివస్తుంది, ఆ ప్రకటనలు చిన్న అక్షరాలలో వస్తాయి. మీలో ఒకరు ప్రతి నెలా కార్యాలయానికి వెళ్ళి ఆ దరఖాస్తుల జాబితా చూసే బాధ్యతను ఇప్పుడే తీసుకోండి.